ఫీజు అడగడం తప్పా?

రంజాన్ పండుగ వెళ్లిన రెండో వారంలో మా పట్టణపు పాత బస్తీలో ఒక మేడ గదికి వేలాడుతున్న బోర్డు కిందికి దిగింది. టెట్, డీఎస్సీ పరీక్షలకు ఉర్దూ మాధ్యమంలో శిక్షణ ఇస్తామని ఆ బోర్డు పద్దెనిమిది నెలల పాటు దారిన పోయేవారికి చెప్పింది. ఇప్పుడది మెట్ల కింద, అక్షరాలు గోడవైపు తిప్పి, ఆనించి ఉన్నది. ఆ కేంద్రాన్ని నడిపిన అమ్మాయి మా పాత సహోద్యోగి కుమార్తె. ఎం.ఏ., బి.ఎడ్. చదివింది. డీఎస్సీలో కొద్దిలో ఉద్యోగం తప్పిపోయాక, తాను కష్టపడి నేర్చినదానిని ఇతరులకు నేర్పుతూ దానినే జీవనోపాధిగా చేసుకోవాలని పూనుకున్నది. తల్లి చేతి గాజులు అమ్మి బల్లలు, బోర్డు, ఇన్వర్టరు కొన్నది. కేంద్రం మూతపడింది విద్యార్థులు రాక కాదు. ముప్పై నలుగురు వచ్చారు.

లెక్కల పుస్తకం చూపించమని మేమే అడిగాము. ఉద్యోగ జీవితమంతా పద్దుల మధ్య గడిపిన వాళ్లం కనుక ఆ అలవాటు పోలేదు. నెలకు ఫీజు 1,200 రూపాయలు. ముప్పై నలుగురిలో పూర్తి ఫీజు కట్టినవారు 11 మంది, సగం కట్టినవారు 9 మంది, అసలే కట్టనివారు 14 మంది. నెల రాబడి 18,600. గది అద్దె 6,500, గణితం, ఇంగ్లీషు చెప్పే ఇద్దరికి చెరి 5,000, జిరాక్సుకు 3,000, కరెంటుకు 1,200. మొత్తం ఖర్చు 20,700. అంటే పొద్దుట నుంచి సాయంత్రం వరకు పాఠం చెప్పిన మనిషికి జీతం లేకపోగా నెలనెలా 2,100 రూపాయల నష్టం. అందరూ కట్టి ఉంటే ఖర్చులు పోగా ఆమె చేతికి 20,100 మిగిలేది.

కట్టని ఆ పద్నాలుగు మందిలో నిజంగా కట్టలేనివారు అయిదుగురే. మిగిలిన తొమ్మిది ఇళ్లలో గల్ఫ్ నుంచి డబ్బు వచ్చేవి ఉన్నాయి, దుకాణాలున్నవి ఉన్నాయి. అవే ఇళ్లవారు కొడుకుల ఇంటర్మీడియట్ కోసం కార్పొరేట్ కళాశాలకు గడువు దాటకుండా వాయిదాలు చెల్లిస్తున్నారు. అక్కడ ఆలస్యమైతే హాల్ టికెట్ ఆగుతుందన్న భయం. ఇక్కడ మాత్రం “మన పిల్లే కదా, ఖౌమ్ సేవ కదా” అన్న ధీమా.

ఈ సంపాదకీయంలో ఇతరులను తప్పుపట్టే ముందు చెప్పవలసినది ఒకటి ఉన్నది. ఆ పద్నాలుగు మందిలో ఆరుగురు మా సంక్షేమ సంఘం ఇచ్చిన సిఫారసు ఉత్తరాలతో చేరినవారు. “దయచేసి ఉచితంగా చేర్చుకోగలరు” అన్న ఆ ఉత్తరాల కింద ఉన్న సంతకం మాదే. ఆ ఆరుగురిలో ముగ్గురు మాత్రమే నిరుపేదలు. తక్కిన ముగ్గురి స్థితిగతులు మేము విచారించనే లేదు, అడిగారు, ఇచ్చాము. అదే ఏడాది వార్షిక సభలో ఆమెకు శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చాము. ఆ సభకు షామియానా, మైకు, భోజనాల ఖర్చు 42,000 రూపాయలు. నిజంగా కట్టలేని ఆ అయిదుగురి ఫీజు నెలకు 6,000. శాలువా మాని ఆ సొమ్ముతో అయిదుగురికీ ఏడు నెలలు ఫీజు కట్టి ఉండవచ్చునని అప్పుడు మాలో ఒక్కరికీ తోచలేదు.

ఒక చిన్న కోచింగ్ మూతపడితే అంత నష్టమేమిటని కొందరనుకోవచ్చు. టెట్ మొదటి పేపరులో 150 మార్కులు. శిశు వికాసం, మొదటి భాష, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కొక్కదానికి 30. బీసీ-ఇ కింద వచ్చే మన పిల్లలకు అర్హత మార్కులు 75. ఉర్దూ మాధ్యమంలో చదివిన అమ్మాయికి మొదటి భాషలో ఇబ్బంది లేదు. కానీ శిశు వికాసం, బోధనా పద్ధతుల పుస్తకం ఉర్దూలో కావాలంటే మా పట్టణంలో ఏ దుకాణంలోనూ దొరకదు. ఈ అమ్మాయి రాత్రుళ్లు కూర్చుని ఆ పాఠాలన్నీ ఉర్దూలో తయారు చేసింది. (ఉర్దూ మాధ్యమపు పోస్టులు రిజర్వేషన్ రోస్టరు కారణంగా అభ్యర్థులు లేక ఖాళీగా మిగిలిపోతున్న అన్యాయం వేరొక పోరాటం, దానిని ఇక్కడ కలపడం లేదు.) డీఎస్సీ శిక్షణకు అవనిగడ్డ, బ్యాంకు పరీక్షలకు నంద్యాల, గ్రూప్స్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్ పేరు పొందినవే. అయితే పెళ్లయి, ఒడిలో బిడ్డ ఉన్న మన కోడలు అవనిగడ్డ వెళ్లి హాస్టల్లో ఉండగలదా? పిల్లలను బడికి పంపి పదకొండింటికి వచ్చి, జొహర్ వేళకు ఇల్లు చేరే ఆడవారికి ఆ మేడ గది తప్ప మరో చోటు లేదు. ఇప్పుడు అదీ లేదు.

ప్రభుత్వం చూసుకుంటుందన్న ఆశ కూడా సన్నగిల్లింది. ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతమేనని సచార్ కమిటీ 2006లో చెప్పిన మీదట కేంద్రం మైనారిటీ విద్యార్థుల ఉచిత శిక్షణకు నయా సవేరా పథకం తెచ్చింది. అదీ ఆగిపోయింది. రాష్ట్రాల మైనారిటీ స్టడీ సర్కిళ్లు ప్రతి మహల్లాకూ రాలేవు. ఆ లోటును ఎంతో కొంత పూడ్చేది సొంతంగా చిన్న కోచింగ్ పెట్టుకునే మన యువతీయువకులే. వారు నిలవాలంటే దానిని వ్యాపారంగా నడపాలి. మనమూ వ్యాపారంగానే గౌరవించాలి.

చదువు చెప్పి డబ్బు తీసుకోవడం మన సంప్రదాయానికి తగదనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారికి బద్ర్ యుద్ధ ఖైదీల సంగతి తెలియనిది కాదు. పరిహారం చెల్లించలేని, చదువు వచ్చిన ఖైదీలు మదీనా పిల్లలకు తలా పది మందికి చదవడం, రాయడం నేర్పితే అదే వారి విడుదల పరిహారంగా దైవప్రవక్త (స) అంగీకరించారని సీరా గ్రంథాలు చెబుతున్నాయి. చదువు చెప్పిన శ్రమకు ఆనాడే విలువ కట్టారు. శత్రు ఖైదీ శ్రమకు దక్కిన విలువ మన ఇంటి ఆడబిడ్డ శ్రమకు దక్కకూడదా?

పేదవారిని ఆదుకోవద్దని మా అభిప్రాయం కాదు. ఆదుకునే భారం ఉపాధ్యాయిని ఒక్కతె మీద మోపవద్దంటున్నాము. జకాత్‌కు అర్హులైన విద్యార్థులు ఉంటే, ఉలమాను సంప్రదించి ఆ సొమ్ము విద్యార్థి చేతికే ఇవ్వాలి. అతడే వెళ్లి ఫీజు కట్టి రశీదు తెచ్చుకుంటాడు. విద్యార్థి తలవంచుకోనక్కర లేదు. ఉపాధ్యాయిని అద్దె ఆగదు.

ఇక కోచింగ్ పెట్టదలచిన యువతకు కొన్ని మాటలు. ఆ అమ్మాయి చేసిన పొరపాట్లు కూడా లేకపోలేదు. ఆమె మొదటి ఫ్లెక్సీ మీద టెట్, డీఎస్సీ, గ్రూప్-2, కానిస్టేబుల్, బ్యాంకు, స్పోకెన్ ఇంగ్లీషు, అన్నీ ఉన్నాయి. కానిస్టేబుల్ కోసం వచ్చిన కుర్రవాళ్లు పదిహేను రోజుల్లో వెళ్లిపోయి, అక్కడేమీ లేదని ఊరంతా చెప్పారు. తనకు బాగా వచ్చిన ఒక్క పరీక్షను పట్టుకుని, దానికే పేరు తెచ్చుకుని ఉండవలసింది. ఆమెకు విద్యార్థులను తెచ్చినది ఫ్లెక్సీ కాదు. జుమా నమాజు తరువాత మసీదు గేటు దగ్గర తమ్ముడు పంచిన ఒక పేజీ కరపత్రం, మూడు రోజుల ఉచిత పాఠాలు, ప్రతి శనివారం పరీక్ష పెట్టి తలుపు మీద అంటించిన మార్కుల పట్టిక, అన్నిటికన్నా ఎక్కువగా ఒక తల్లి మరొక తల్లికి చెప్పిన మాట. ఫీజు మాత్రం అడగలేకపోయింది. “పెద్దవాళ్ల ముఖం చూసి ఎలా అడగను, చాచా?” అన్నది. ఏ తేదీలోగా కట్టాలో, మధ్యలో మానితే ఎంత తిరిగి ఇస్తారో చేరిననాడే కాగితం మీద రాసి ఇస్తే, అడగవలసిన పని ఆ కాగితమే చేస్తుంది.

ప్రకటనల్లో అబద్ధం వద్దు. ఒకే విజేత ఫొటో మూడు సంస్థల ఫ్లెక్సీల మీద నవ్వుతుండడం మనం చూస్తూనే ఉన్నాము. ఎంపికైన అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో వాడరాదని, అతడు ఏ కోర్సు తీసుకున్నాడో దాచరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు ర్యాంకు, ఉద్యోగం ఖాయమన్న హామీలు వద్దన్నాయి. మధ్యలో మానిన విద్యార్థికి మిగిలిన ఫీజు 10 రోజుల్లో తిరిగి ఇవ్వమన్నాయి. ఇవి యాభై మందికి మించిన కేంద్రాలను ఉద్దేశించినవి. కానీ తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) నిలదీసినప్పుడు అతని అంగడి పెద్దదా చిన్నదా అని అడగలేదు.

ఉద్యమ్ నమోదు ఉచితం, ఆధార్, పాన్‌లతో అయిపోతుంది. దళారికి వెయ్యి రూపాయలు ఇవ్వకండి. కోచింగ్ ఫీజుపై జీఎస్టీ 18 శాతమని భయపెట్టేవారున్నారు; ఏడాది రాబడి 20 లక్షలు దాటనంత వరకు సాధారణంగా చిన్నవారికి ఆ నమోదు అవసరం ఉండదు. లెక్క మాత్రం రోజూ రాయాలి. వడ్డీకి వెనుకాడే కుటుంబాలు లాభనష్టాల్లో భాగస్వామిగా బంధువునో మిత్రుణ్ణో రాతపూర్వకంగా చేర్చుకోవచ్చు.

గది విషయంలో పొదుపు చేయకండి. 2019 మే 24న సూరత్‌లో కోచింగ్ నడుస్తున్న భవనంలో మంటలు లేచి 22 మంది విద్యార్థులు చనిపోయారు. 2024 జూలైలో ఢిల్లీలో సెల్లార్‌లోని గ్రంథాలయంలోకి వాననీరు చొచ్చుకువచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు మరణించారు. మేము చెబుతున్న ఆ మేడ గదికి కూడా ఒకే ఒక ఇరుకు మెట్ల దారి. ముప్పై నలుగురు అందులో కూర్చున్నారని తలచుకుంటే ఇప్పుడు గుండె ఝల్లుమంటుంది.

గత నెల మా సంఘ సభ్యులం ఆమె ఇంటికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టమని అడిగాము. వెంటనే ఒప్పుకోలేదు. వారం తరువాత ఒక కాగితం పంపింది. ఫీజు ప్రతి నెలా 5వ తేదీలోగా ముందుగానే కట్టాలి. సిఫారసు ఉత్తరాలు చెల్లవు. పేద విద్యార్థుల ఫీజు సంఘమే చెల్లించాలి. రెండు వైపులా మెట్లున్న ఇల్లు వెతకడంలో సంఘం సాయపడాలి. నాలుగింటికీ ఒప్పుకుని ఈసారి మా సంతకం ఆ కాగితం కింద పెట్టాము. ఇల్లు దొరికింది, బోర్డుకు కొత్త రంగు వేయిస్తున్నారు. డి.ఎడ్. చదివి ఇంట్లో ఉన్న మా చిన్న కోడలు మొన్న సోమవారం వెళ్లి పేరు రాయించుకుని వచ్చింది. 1,200 రూపాయలు చెల్లించిన రశీదు ఆమె దగ్గర ఉన్నది. దాని మీద నంబరు 1.