మాట కలిపిన సాంబా!

సాంబా అనగానే ఎవరు గుర్తొస్తారు? సినిమా అభిమానులకైతే ‘షోలే’లో బండరాయి మీద తుపాకీ పట్టుకుని కూర్చునే గబ్బర్‌సింగ్ అనుచరుడు. భోజనప్రియులకైతే సాంబ మసూరి బియ్యం. నాట్యం తెలిసినవాళ్లకు బ్రెజిల్ వీధుల్లోని చిందులు. వీటిలో దేనితోనూ సంబంధం లేని సాంబా ఇంకొకటుంది. ముప్ఫై ఏళ్లకు పైగా అది కంప్యూటర్ల మధ్య దుబాసీ పని చేస్తోంది. అదీ పైసా తీసుకోకుండా!

ఒక చిన్న ఆఫీసును ఊహించుకోండి. లెక్కలు రాసే ఆయన ముందు విండోస్ కంప్యూటర్. బొమ్మలు గీసే అమ్మాయి దగ్గర యాపిల్. మూలగదిలో ఫైళ్లన్నీ దాచిపెట్టే లినక్స్ మిషన్. ప్రింటరేమో ఒక్కటే. ఎవరి సిస్టమ్‌లో ఉన్న ఫైలును ఇంకొకరు తెరవాలన్నా, అందరూ ఆ ఒక్క ప్రింటర్ మీదే కాగితాలు తీసుకోవాలన్నా ఈ మూడింటికీ ఒకరి భాష మరొకరికి తెలియాలి. ‘ఫలానా ఫైలు తెరువు’, ‘ఇక్కడి నుంచి చదువు’, ‘ఈ పేజీ ప్రింట్ తియ్యి’... ఇలా కంప్యూటర్లు పంపుకునే సందేశాల భాషనే ప్రొటోకాల్ అంటారు. విండోస్ వాడే అలాంటి భాష పేరు ఎస్ఎంబీ. 1980ల్లో ఐబీఎంలో పుట్టి, తర్వాత మైక్రోసాఫ్ట్ చేతుల్లో పెరిగింది. ఆ భాషను మిగతా కంప్యూటర్లకు నేర్పిన ఉచిత సాఫ్ట్‌వేరే సాంబా.

పక్క టేబుల్ పాఠాలు

కథ మొదలైంది ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో. 1991 డిసెంబరులో అక్కడి ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిజెల్ అనే విద్యార్థి పీహెచ్‌డీ చేస్తున్నాడు. అతని బల్ల మీద ఉన్నది డాస్‌తో నడిచే మామూలు పీసీ. డిజిటల్ అనే కంపెనీ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌ను అందులో వేశాక ఒక చిక్కొచ్చింది. ఆ కంపెనీ మిషన్లలోని డిస్కులు మాత్రమే పీసీకి కనిపిస్తున్నాయి. అదే ల్యాబ్‌లో ఉన్న సన్ కంపెనీ మిషన్లు అందడం లేదు. ఇంకొకరైతే విసుక్కుని ఊరుకునేవారు. ట్రిజెల్ మాత్రం ‘ఇవి రెండూ ఏం మాట్లాడుకుంటున్నాయో వింటే పోలా’ అనుకున్నాడు. అప్పటిదాకా అతను నెట్‌వర్క్ ప్రోగ్రామ్ ఒక్కటీ రాసి ఎరుగడు!

తన పద్ధతిని ట్రిజెల్ ఫ్రెంచి కాఫీ హోటల్‌తో పోలుస్తాడు. భాష రాని ఊళ్లో హోటల్‌కెళ్లి ఓ మూల కూర్చున్నామనుకోండి. పక్క టేబుల్ ఆయన ఏదో అన్నాడు, సర్వర్ కాఫీ తెచ్చాడు. ఇంకొకామె ఇంకేదో అంది, రొట్టె వచ్చింది. శ్రద్ధగా వింటూ కూర్చుంటే ఏ మాటకు ఏం వస్తుందో మెల్లగా పట్టుబడుతుంది. తర్వాత మనమే ఆ మాట అని చూడొచ్చు. ట్రిజెల్ చేసిందీ అంతే. ఏ కంపెనీ తాళం పగలగొట్టలేదు, ఎవరి కోడూ ఎత్తుకురాలేదు. తీగ మీద వెళ్లే సందేశాలను విన్నాడు, వాటికి సరైన జవాబులిచ్చే ప్రోగ్రామ్ తనే రాసుకున్నాడు. కొద్దిరోజుల్లోనే అది పనిచేసింది. 1992 జనవరిలో దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేసి తన చదువులో పడిపోయాడు.

దాదాపు రెండేళ్లు గడిచాయి. ఒకరోజు ఇంట్లో భార్య వాడే పీసీని తన లినక్స్ మిషన్‌కు కలపాల్సి వచ్చింది. సరే చూద్దామని ఆ పాత ప్రోగ్రామ్‌నే బయటికి తీస్తే, చక్కగా పనిచేసింది! తను చెవిన పడి నేర్చుకున్నది ఒక్క డిజిటల్ కంపెనీ భాష కాదనీ, మైక్రోసాఫ్ట్ కూడా వాడే ఎస్ఎంబీ అనీ అతనికి తెలిసొచ్చింది. దాంతో పని మళ్లీ మొదలుపెట్టాడు. అమెరికాలో స్థిరపడిన జెరెమీ ఆలిసన్‌తో పాటు అనేక దేశాల ప్రోగ్రామర్లు వచ్చి చేయి కలిపారు.

ఇంతకీ ఆ పేరెలా వచ్చిందంటారా? మొదట ‘ఎస్ఎంబీ సర్వర్’ అని పిలుచుకున్నారు. ఆ పేరు మాదంటూ ఓ కంపెనీ అభ్యంతరం చెప్పింది. ట్రిజెల్ కంప్యూటర్‌లోని నిఘంటువు తెరిచి ఎస్, ఎమ్, బి అక్షరాలు అదే వరుసలో వచ్చే మాటలు వెతికించాడు. దొరికిన కొద్ది మాటల్లో నోటికి హాయిగా ఉన్నది సాంబా!

కోర్టు మెట్లెక్కిన భాష

విని నేర్చుకున్న భాషతో తంటా ఏమిటంటే, అవతలివాళ్లు కొత్త మాటలు కలిపినప్పుడల్లా మళ్లీ చెవి ఒగ్గి కూర్చోవాలి. విండోస్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ సాంబా బృందానిది అదే పని. అసలు వ్యాకరణం మైక్రోసాఫ్ట్ బీరువాలో ఉంది మరి. ఇక్కడే అసలు ప్రశ్న వచ్చింది. ఒక కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌ను గుట్టుగా ఉంచుకోవచ్చు. కానీ అది బయటి కంప్యూటర్లతో మాట్లాడే భాషను కూడా దాచేస్తే? అందరూ చచ్చినట్టు ఆ కంపెనీ సర్వర్లే కొనాలి. మన ఫైళ్లు మనవే అయినా వాటి దారి మాత్రం వాళ్ల చేతుల్లో ఉంటుంది.

ఈ వాదన ఐరోపా దాకా వెళ్లింది. 2004 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, ఇతర సర్వర్లు విండోస్‌తో పనిచేయడానికి కావలసిన వివరాలు వెల్లడించాలని ఆదేశించింది. కంపెనీ కోర్టుకెళ్లింది. విచారణలో సాంబా ప్రోగ్రామర్లు కూడా తమ వాదన వినిపించారు. 2007 సెప్టెంబరులో కోర్టు కమిషన్ పక్షానే తీర్పు చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులో ఒక లాభాపేక్ష లేని సంస్థ పది వేల యూరోలు ఒకేసారి చెల్లించి ఆ పత్రాలు తీసుకుంది. వాటి సాయంతో సాంబా బృందం రాసే కోడ్‌ను ఎప్పటిలాగే అందరికీ ఉచితంగా ఇవ్వొచ్చు.

ఆ తర్వాత గాలి మారింది. 2011లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు సాంబాకు కోడ్ రాసి పంపారు. పెద్ద ఆఫీసుల్లో ఎవరు లాగిన్ కావచ్చో, ఎవరికి ఏ ఫైలు చూసే హక్కుందో నిర్ణయించే యాక్టివ్ డైరెక్టరీ పని కూడా చేయగల సాంబా 4.0 వెర్షన్ 2012 డిసెంబరులో వచ్చింది.

తలుపు తెరిస్తే గొళ్లెమూ ఉండాలి

సాంబాను ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ చదవొచ్చు, మార్చుకోవచ్చు. షరతు ఒక్కటే. మార్చినదాన్ని ఇతరులకు పంచితే దాని కోడ్ కూడా ఇవ్వాలి. ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి ఇళ్లలో పెట్టుకునే నెట్‌వర్క్ డిస్కు పెట్టెలు చాలావాటిలో లోపల ఉండేది లినక్స్, సాంబాలే. టీవీలోనూ ల్యాప్‌టాప్‌లోనూ అదే పెళ్లి వీడియో కనిపిస్తుంటే, మధ్యలో మాట కలుపుతున్నది ఈ దుబాసీయే కావొచ్చు.

పంచుకోవడంలో ప్రమాదమూ ఉంది. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన ‘వానాక్రై’ వైరస్ విండోస్‌లోని పాత ఎస్ఎంబీ లోపం గుండానే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అదే నెలలో సాంబాలోనూ వేరే లోపం బయటపడితే బృందం వెంటనే సరిదిద్దింది. 2019 నుంచి ఆ పాత ఎస్ఎంబీ వెర్షన్‌ను సాంబా తనంతట తాను వాడటం మానేసింది. కాబట్టి ఇంట్లో ఫోల్డర్ పంచుకునేవాళ్లు గట్టి పాస్‌వర్డ్ పెట్టాలి, అప్‌డేట్లు వాయిదా వేయకూడదు, ఆ ఫోల్డర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకూడదు.

పక్క మిషన్‌లోని డిస్కు అందక ఒక విద్యార్థి చెవి ఒగ్గి విన్నాడు. అతను రాసుకున్న జవాబులు అందరి సొత్తయ్యాయి. చివరికి బీరువాలోని వ్యాకరణమే బయటికి రావాల్సి వచ్చింది. ఈసారి ఒక కంప్యూటర్‌లోని ఫైలు మరో రకం కంప్యూటర్‌లో ఇట్టే తెరుచుకుంటే, ఆ కాఫీ హోటల్ మూల టేబుల్‌ను ఒక్కసారి తలచుకోండి!