డిస్కు పోలేదు... డ్రైవర్ లేదంతే!

ల్యాప్‌టాప్ మొరాయిస్తోందని విండోస్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోతారు. భాష, కీబోర్డు ఎంచుకునేదాకా అంతా సాఫీగానే సాగుతుంది. 'విండోస్ ఎక్కడ వేయాలి?' అని అడిగే చోటికి వచ్చేసరికి... జాబితా ఖాళీ! డ్రైవ్‌లేవీ కనిపించడం లేదంటుంది. 'అయ్యో, డిస్కు పోయినట్టుంది' అనుకుని షాపుకి పరుగెత్తేవాళ్లు చాలామందే. పెళ్లి వీడియోలూ, పిల్లల ఫొటోలూ అందులోనే ఉంటే ఆ కంగారు ఇక చెప్పక్కర్లేదు. కానీ ఆ మెసేజ్ వచ్చినంత మాత్రాన డిస్కు పాడైనట్టు కాదు. దాన్ని పలకరించే డ్రైవర్ లేకపోయినా ఇదే మాట వస్తుంది.

ఎందుకిలా?

2020లో వచ్చిన 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో 'వీఎండీ' అనే ఏర్పాటు ఉంటోంది. అది ఆన్‌లో ఉంటే ఎస్ఎస్‌డీ నేరుగా బయటపడదు, ఇంటెల్ కంట్రోలర్ చాటున ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌లో ఆ కంట్రోలర్‌కి తగ్గ డ్రైవర్ లేకపోతే విండోస్‌కి డిస్కు జాడే తెలియదు. పోనీ, వీఎండీని ఆపేద్దామని బయోస్‌లోకి వెళితే కొన్ని మోడళ్లలో ఆ ఆప్షనే ఇవ్వరు.

నిజానికి ఈ తంటా కొత్తది కాదు. పాతకాలం బయోస్‌లు డిస్కులోని సెక్టార్లను 28 బిట్ల అంకెతో లెక్కపెట్టేవి. సెక్టారుకి 512 బైట్ల చొప్పున ఆ లెక్క 137 జీబీ దగ్గర ఆగిపోయేది. లినక్స్ మాత్రం బయోస్‌ని నమ్ముకోకుండా సొంత డ్రైవర్‌తో డిస్కునే అడిగి అసలు సైజు తెలుసుకునేది. షరతల్లా ఒక్కటే... బూట్ ఫైళ్లు బయోస్‌కి అందే మొదటి భాగంలో ఉండాలి. కంప్యూటర్‌ని లేపేవరకే బయోస్ పెత్తనం. ఆ తర్వాత డిస్కుతో మాట్లాడేది ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవరే. ఇప్పుడూ మనకి దారి చూపేది ఈ సూత్రమే.

ఇలా చేయండి

* ముందు ఫొటోల సంగతి చూడండి. ఉబుంటు లాంటి లినక్స్ కొత్త వెర్షన్‌ని పెన్‌డ్రైవ్ నుంచే ఇన్‌స్టాల్ చేయకుండా నడపొచ్చు. వీఎండీ డ్రైవర్ అందులోనే ఉంటుంది కాబట్టి డిస్కు కనిపించే అవకాశం ఎక్కువ. ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అవసరం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉందేమో వెతకండి.

* వేరే కంప్యూటర్‌లో ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌కి వెళ్లి, మీ మోడల్ నంబరు కొట్టి, 'ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ' డ్రైవర్ డౌన్‌లోడ్ చేయండి. ఫైలుని విప్పి, 'ఐఎన్ఎఫ్' ఫైళ్లున్న ఫోల్డర్‌ని విండోస్ పెన్‌డ్రైవ్‌లో పెట్టండి.

* జాబితా ఖాళీగా వచ్చిన తెర మీదే 'లోడ్ డ్రైవర్' అని ఉంటుంది. దాన్ని నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. డిస్కు ప్రత్యక్షమవుతుంది!

జాగ్రత్త సుమా!

విండోస్ చక్కగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌లో వీఎండీ సెట్టింగ్‌ని సరదాకి మార్చకండి. మర్నాడు నీలి తెర పలకరించొచ్చు, బిట్‌లాకర్ కీ అడగొచ్చు. అలా జరిగితే సెట్టింగ్‌ని మళ్లీ మునుపటిలా పెట్టేయండి. అలాగే, డిస్కు కనిపించిందన్న సంబరంలో పార్టిషన్లన్నీ డిలీట్ చేసేయొద్దు. కాపీ చేసుకున్న ఫొటోలు వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే ముందుకెళ్లండి.

సరైన డ్రైవర్ ఇచ్చినా జాబితా ఖాళీగానే ఉందా? బయోస్‌లోని సిస్టమ్ సమాచారంలో డిస్కు పేరుందేమో చూడండి. అక్కడా లేకపోతే అప్పుడు సర్వీస్ సెంటర్‌కి బయల్దేరండి. డ్రైవర్ లోడ్ చేసి చూశానని, బయోస్‌లోనూ కనిపించడం లేదని ముందే చెప్పండి. అడగకుండా డిస్కుని ఫార్మాట్ చేయొద్దని కూడా గట్టిగా చెప్పండి.