కాలిన ఒంటిని చూడని చట్టం

1943లో అమెరికా సైన్యం యూటా ఎడారిలో ఒక జపాన్ వాడను, దానికి దగ్గర్లోనే ఒక జర్మన్ వాడను కట్టించింది. జపాన్ ఇళ్లకు నమూనా గీసింది ఆంటొనిన్ రేమండ్, టోక్యోలో ఏళ్ల తరబడి పనిచేసిన వాస్తుశిల్పి. గదుల్లో చాపలు పరిచారు, సామాన్లు సర్దారు. తర్వాత వాటి మీద నిప్పు బాంబులు వేసి, ఏ ఇల్లు ఎంతసేపట్లో అంటుకుంటోందో, ఆర్పడం ఎంత కష్టమో రాసుకున్నారు. కాలిన ఇళ్లను మళ్లీ కట్టి మళ్లీ కాల్చారు. అక్కడ పరీక్షకు పెట్టింది కర్మాగారాన్ని కాదు, మనుషులు నిద్రపోయే గదిని.

ఆ పరీక్షల ఫలితం 1945 మార్చి 9-10 రాత్రి టోక్యో మీద పడింది. దాదాపు 300 బి-29 విమానాలు నాపామ్ అనే దాహక పదార్థం నింపిన బాంబులు కురిపించాయి. తెల్లారేసరికి 41 చదరపు కిలోమీటర్ల నగరం బూడిదైంది. సుమారు లక్ష మంది చనిపోయారు, పది లక్షల మందికి గూడు లేకుండా పోయింది. హిరోషిమా పేరు తెలియనివారు లేరు. ఈ రాత్రి గురించి ఎంతమంది విన్నారు? యుద్ధం ముగిశాక న్యూరెంబర్గ్‌లో గానీ టోక్యోలో గానీ జరిగిన యుద్ధ నేరాల విచారణల్లో, విమానాలతో నగరాలను తగలబెట్టినందుకు ఎవరూ బోనెక్కలేదు. జర్మనీలోని హాంబర్గ్, డ్రెస్డెన్‌లను బ్రిటన్ కూడా అలాగే కాల్చింది కనుక గెలిచినవాళ్లు ఆ ప్రశ్న ఎత్తలేకపోయారు. కొరియాలో సుమారు 32 వేల టన్నుల నాపామ్ పడినా ప్రపంచం పెద్దగా కదల్లేదు.

కదిలింది వియత్నాంతోనే. అక్కడ మంటల్లో చిక్కినవారి ముఖాలు పత్రికల్లో, టీవీల్లో కనిపించాయి. ఇళ్లలో ఆహారం చుట్టిపెట్టే ప్లాస్టిక్ పొరను అమ్మే డౌ కెమికల్ కంపెనీయే నాపామ్ తయారుచేస్తోందని అమెరికా విద్యార్థులకు తెలిసింది. 1967 అక్టోబరులో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆ కంపెనీ ఉద్యోగ ఇంటర్వ్యూలను అడ్డుకున్నవారి మీద పోలీసుల లాఠీలు విరిగాయి. 1972 జూన్ 8న ట్రాంగ్ బాంగ్ దగ్గర, ఒంటి మీద బట్టలు కాలిపోయి ఏడుస్తూ పరుగెత్తిన తొమ్మిదేళ్ల కిమ్ ఫుక్ ఫోటో వచ్చాక, నాపామ్‌ను మామూలు ఆయుధమని ఏ సైన్యమూ ధైర్యంగా చెప్పుకోలేకపోయింది. ఆ పాప 14 నెలలు ఆసుపత్రిలో ఉంది.

1980లో జెనీవాలో కుదిరిన సంప్రదాయ ఆయుధాల ఒప్పందం, అందులోని మూడో ప్రోటోకాల్ ఈ ఏవగింపులోంచే పుట్టాయి. ఆ ప్రోటోకాల్ బలమూ బలహీనతా రెండూ వియత్నాం నుంచి వచ్చినవే. జనం గుమిగూడి ఉండే చోట విమానం నుంచి నిప్పు బాంబు వేయడాన్ని అది పూర్తిగా నిషేధించింది. అదే నిప్పు ఫిరంగిలోంచి వస్తే మాత్రం షరతులతో వదిలేసింది. అంతకంటే పెద్ద లోపం నిర్వచనంలో ఉంది. నిప్పు పెట్టడానికో, మనుషులను కాల్చడానికో ప్రధానంగా రూపొందించినదే దాహక ఆయుధమట. పొగ కోసం, వెలుతురు కోసం చేసినవి దాని కిందికి రావు. ఒళ్లెలా కాలిందన్నది చట్టానికి అక్కర్లేదు, తయారుచేసినవాడి ఉద్దేశం చాలు.

ఈ సందులోంచే తెల్ల భాస్వరం తప్పించుకుంటోంది. గాలి తగిలితే సుమారు 30 డిగ్రీల దగ్గరే అంటుకునే పదార్థమది. అమెరికా తయారీ 155 మిల్లీమీటర్ల పొగ గుండు గాలిలో పేలితే భాస్వరంలో ముంచిన 116 ఫెల్ట్ ముక్కలు మండుతూ చెల్లాచెదురుగా పడతాయి. ముక్క ఒంట్లో దిగబడితే గాలి అందక ఆరినట్టే ఉంటుంది. కట్టు విప్పగానే మళ్లీ పొగలు కక్కుతుంది. అందుకే డాక్టర్లు తడిగుడ్డ కప్పి, ఒక్కో రేణువునూ పట్టకారుతో ఏరాలి. మన పెద్దాసుపత్రుల్లో కాలిన గాయాల వార్డుకు వెళ్లినవారికి కట్టు మార్చే వేళ వినిపించే కేకలు తెలుసు. ఆ కట్టు విప్పడమే మళ్లీ నిప్పంటించడమైతే ఆ మనిషి గతేమిటి?

ఇరాక్‌లోని ఫల్లూజాలో 2004లో వాడిన భాస్వరం వెలుతురు కోసమేనని అమెరికా మొదట చెప్పి, మరుసటి ఏడాది శత్రు సైనికుల మీద ఆయుధంగానే వాడామని ఒప్పుకుంది. 2009 జనవరి 15న గాజా నగరంలో ఐక్యరాజ్యసమితి సహాయ సంస్థ ప్రాంగణం మీద ఇజ్రాయెల్ భాస్వరం గుళ్లు పడి, ఆహారం, మందులు నిల్వచేసిన గోదాము కాలిపోయింది. 2023లో దక్షిణ లెబనాన్ ఊళ్ల మీదా అదే భాస్వరం. మూడో ప్రోటోకాల్‌లో ఇజ్రాయెల్ చేరనే లేదు. చేరిన రష్యా, ఉక్రెయిన్‌లు థర్మైట్ అనే మరో దాహక పదార్థాన్ని వాడుతూనే ఉన్నాయి, ఒకరు రాకెట్లతో, మరొకరు డ్రోన్లతో.

మామూలు బాంబులే ఎక్కువ మందిని చంపుతున్నప్పుడు నిప్పునే ఎందుకు వేరుచేయాలని సైనిక నిపుణులు అడుగుతారు. ప్రశ్న సరైనదే. చావుల లెక్క ఒక్కటే కొలమానమైతే జవాబు కష్టం. కానీ కాలిన గాయం బతికినవాడిని ఏళ్ల తరబడి వదలదు. చర్మం ముడుచుకుపోయి మెడ తిరగదు, చేతివేళ్లు విచ్చుకోవు. పిల్లలైతే ఎదిగే కొద్దీ ఆపరేషన్లు చేయించుకుంటూనే ఉండాలి. పైగా నిప్పు వేసినవాడి చెప్పుచేతల్లో ఉండదు. ఇది మనకు కొత్త సంగతి కాదు. పక్షులకు నిప్పు కట్టి కోటలోకి వదిలే ఉపాయాలు చెప్పిన కౌటిల్యుడే, పోరాడి గెలవగల కోటకు నిప్పు పెట్టొద్దంటాడు. నిప్పును నమ్మలేమని, జనాన్నీ ధాన్యాన్నీ పశువులనూ మింగేశాక దక్కిన రాజ్యం నష్టమేనని ఆయన వాదన.

పొగ కావాలంటే భాస్వరం లేని పొగ గుళ్లు ఉన్నాయి. అడ్డు పడుతున్నది సైనిక అవసరం కంటే జెనీవా పద్ధతే. అక్కడ అన్నీ ఏకాభిప్రాయంతో జరగాలి. ఒక్క దేశం కాదంటే చర్చాంశం కూడా అజెండాలోకి ఎక్కదు. ఇదివరకు రష్యా అదే చేసింది.

మూడో ప్రోటోకాల్‌ను భారత్ 1984లోనే ఆమోదించింది. మందుపాతరల నిషేధం జెనీవా బయట, ఒట్టావాలో కుదిరినప్పుడు మనం చేరలేదు. ఇలాంటివి తేల్చుకోవాల్సింది జెనీవాలోనే అన్నది మన వాదన. అలాంటప్పుడు జెనీవాను కదిలించే బాధ్యత మనకు మిగతావారి కంటే ఎక్కువే. కానీ నోరు విప్పేముందు మిజోరంలోని ఐజ్వాల్‌ను తలుచుకోక తప్పదు. మిజో తిరుగుబాటును అణచడానికి 1966 మార్చి 5న మన వైమానిక దళం మన పట్టణం మీదే నిప్పు బాంబులు వేసింది. వాడలు కాలిపోయాయి. అప్పటి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2023 ఆగస్టులో ప్రధాని లోక్‌సభలో దాన్ని ప్రస్తావించినా, అది అవిశ్వాస తీర్మానం చర్చలో కాంగ్రెస్ మీద విమర్శగానే తప్ప మిజోలకు జవాబుగా కాదు. వాళ్లు మాత్రం ఏటా ఆ రోజును గుర్తుచేసుకుంటున్నారు.

ఒప్పందం ఏడో సమీక్షా సమావేశం 2026లో జరగాలి. నిర్వచనం నుంచి ‘ప్రధానంగా రూపొందించిన’ అన్న షరతు తీసేసి గాయాన్నే కొలమానం చేయాలని, ఆకాశం నుంచి వచ్చే నిప్పుకూ నేల నుంచి వచ్చే నిప్పుకూ తేడా చెరిపేయాలని భారత్ అక్కడ ప్రతిపాదించాలి. ఆలోగా ఐజ్వాల్ దాడి రికార్డులను పార్లమెంటు ముందు పెట్టాలి. ఇల్లు కాలిపోయినవారిలో అప్పటి పిల్లలు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఏ ఉత్తర్వు ఎవరిచ్చారో తెలుసుకునే హక్కు ముందుగా వాళ్లది.