మట్టి కనపడకూడదన్న పట్టింపు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో కొత్త ఇల్లు కట్టేవాళ్లలో చాలామందికి ఒక పట్టింపు పట్టుకుంది. గేటు నుంచి వెనక గోడ దాకా ఎక్కడా మట్టి కనపడకూడదు. ఇంటి చుట్టూ బండలు పరిపించి సందుల్లో సిమెంటు పోయిస్తే తప్ప ఇల్లు పూర్తయినట్టు కాదు. వేపచెట్టు ఆకు రాలుస్తుందని కొట్టేస్తారు, మునగకు గొంగళిపురుగు పడుతుందని కొట్టేస్తారు. ఆఖరుకు కుండీల్లో నాలుగు క్రోటన్లు మిగులుతాయి. దీన్నే శుభ్రత అంటున్నారు. ఇది శుభ్రత కాదు, నష్టం. ఇంటివాళ్లకూ నష్టమే, ఊరికీ నష్టమే.

సీమలో నీళ్లెక్కడివి, తోటలెందుకు అన్నది ఈ పట్టింపును సమర్థించేవాళ్ల మొదటి మాట. ఆ మాట వెనక బాధ నిజమైనది. పులివెందుల వైపు బోరు వందల అడుగులు దిగినా చుక్క పడక చీనీ చెట్లు ఎండిపోతే చూసి కుమిలిన కుటుంబాలున్నాయి. అయితే లెక్క మరోలా ఉంది. కడప జిల్లాలో ఏడాదికి సగటు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీళ్లు. అంటే 100 చదరపు మీటర్ల పెరటి మీద ఏడాది పొడుగునా పడేది 70 వేల లీటర్లు. సిమెంటు పోసిన బండల మీద పడ్డ ఆ నీళ్లు మురుగుకాలువ పాలవుతాయి. మట్టి మీద పడితే ఆవిరైపోగా కొంతైనా లోపలికి దిగుతుంది. 2000లో ‘నీరు-మీరు’ పేరుతో ఊరూరా ఇంకుడుగుంతలు తవ్వించింది ఇందుకే. గుంత తవ్వి, చుట్టూ నేలంతా కప్పేస్తే ఆ శ్రమ సగం వృథా.

ఇక నీళ్లు తాగేది లాను. మే నెల ఎండల్లో పచ్చిక నిలవాలంటే రోజుకు అయిదారు మిల్లీమీటర్ల తడి కావాలి. అదే 100 చదరపు మీటర్లకు రోజూ 500 లీటర్ల పైమాటే. తంగేడు, వేప, సీతాఫలం వేరూనాక మనిషి చేతి నీళ్ల కోసం చూడవు. కరివేపాకుకూ మునగకూ బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు చాలు. సీమ నేలకు తగినవి వదిలేసి పచ్చిక పెంచి, తోటంటేనే నీళ్ల దండగ అనడం ఏం న్యాయం?

రాయి మీద ఎవరికీ కోపం అక్కర్లేదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు దొరికే నాపరాయి తరతరాలుగా ఈ జిల్లా ఇళ్లకు ఆధారం. నడిచే దారి మేరకు ఇసుక మీద బండలు పరిచి, సందులు వదిలేస్తే నీళ్లు దిగుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం కాగి, రాత్రి పడుకునే వేళకు గోడల చుట్టూ సెగ కక్కేది పెరడంతా కప్పిన పరుపే.

వేప ఆకు గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేపను రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. ఉగాది పచ్చడికి పువ్వు కావాలి, చెట్టు మాత్రం పక్కింట్లో ఉండాలనుకుంటే ఎలా? మాఘ ఫాల్గుణాల్లో రాలే ఆకును పోగేసి కాల్చి, వీధంతా పొగ పెడుతున్నారు. అదే ఆకును చెట్ల మొదట్లో పరిస్తే రోహిణి కార్తె ఎండలకు మట్టి తడి ఆరిపోదు. కింద చేరిన పురుగుల కోసం గోరింకలు దిగుతాయి. మృగశిర తొలకరికి ఆ ఆకే చివికి ఎరువవుతుంది. అప్పుడు పెట్టిన చిక్కుడు పాదు చలికాలంలో పూతకొస్తే తుమ్మెదలు వాలతాయి. అక్టోబరు, నవంబరు వానలకు నాటిన మొక్కకు వెంటనే ఎండాకాలం తగలదు, కుదురుకోవడానికి నెలల వ్యవధి దొరుకుతుంది. ఈ జిల్లాలో రెండు రుతుపవనాలూ ఎంతో కొంత ఇస్తాయి. తీసుకునే నేల ఉండాలి.

పాముల భయాన్ని కొట్టిపారేయకూడదు. నాగుపాము, రక్తపింజరి, కట్లపాము ప్రాణం తీసేవే. కానీ ఇంటికి పామును రప్పించేది చాలాసార్లు ఎలుక, ఎలుకను రప్పించేది గింజల బస్తాలు, వీధిలో పారేసిన ఎంగిలి. గోడవార పేర్చిన కట్టెలు, రాళ్లకుప్పలు పాముకు నీడ. గుమ్మం దగ్గర రెండు మూడు గజాల మేర ఊడ్చి ఉంచాలి, ఆకు పరుపు దూరంగా చెట్ల కిందే వేయాలి, రాత్రి టార్చిలైటు లేకుండా పెరట్లోకి వెళ్లకూడదు. విషం లేని జెర్రిపోతును చంపేవాళ్లు ఎలుకలకు మేలు చేస్తున్నారు.

ప్రతి ఏటా మార్చి 20న పిచ్చుకల దినమని చూరుకు అట్టపెట్టెలు కడుతున్నారు, వరి కంకులు వేలాడదీస్తున్నారు. మంచి పనే, కానీ అది చాలదు. పెద్ద పిచ్చుక గింజ తింటుంది, గూట్లో పిల్లకు మాత్రం మెత్తని పురుగు కావాలి. పెరట్లో పురుగనేదే లేకుండా మందు కొట్టాక పెట్టెలో పిల్ల ఏం తిని బతుకుతుంది? కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగు నిమ్మజాతి మొక్కల సీతాకోకచిలుకది. పులివెందుల చీనీ నారుమళ్లలో అది తెగులే, అక్కడ రైతు దాన్ని ఏరేయక తప్పదు. ఇంటి కరివేపాకు అలా కాదు, గుప్పెడు ఆకు పోయినా మళ్లీ చిగురిస్తుంది. కొన్ని పురుగులను తొండలూ పికిలిపిట్టలూ ఏరుకుంటాయి, మిగిలినవి రెక్కలు తొడుగుతాయి. జిల్లేడును పీకేస్తే దాని మీదే గుడ్లు పెట్టే మరో సీతాకోకచిలుకకు చోటు పోతుంది.

వీటన్నిటికీ అడవి ఉంది కదా అనేవాళ్లు కలివికోడి కథ గుర్తు చేసుకోవాలి. 1900 తర్వాత ఎవరికీ కనపడని ఆ పక్షి అంతరించిందనే లోకం అనుకుంది. 1986 జనవరిలో, స్థానిక వేటగాళ్ల సాయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతకగా, అది ఈ జిల్లాలోనే లంకమల దగ్గరి కంపల్లో దొరికింది. పనికిరాని కంప అని జనం వదిలేసిన నేల అది. ఆ కంపకే విలువ కట్టలేకపోయిన మనం అడవి ఎంత మిగిలిందో, అది ఎవరికి సరిపోతుందో తేల్చేయడం తగదు. కలివికోడి ఏ పెరటికీ రాదు. పిచ్చుక, ఉడుత, తేనెపిట్ట, తుమ్మెద వస్తాయి, వాటికి లంకమల దాకా పొమ్మని చెప్పలేం.

ఇప్పటికే బండలు వేసేసిన ఇళ్లవాళ్లు మొత్తం తవ్వాల్సిన పని లేదు. ప్రహరీ వెంట రెండడుగుల వెడల్పున ఒక వరుస బండలు లేపించి, వాన నీటి గొట్టాన్ని అటు తిప్పితే కరివేపాకు, తులసి, మందారం, దానిమ్మ పెరగడానికి చాలు. పిట్టలకు పెట్టే నీళ్ల మూకుడును రెండు మూడు రోజులకోసారి కడిగి నింపాలి. అలా చేస్తే డెంగీ దోమ పిల్లకు ఎదిగే గడువు దొరకదు.