ఫ్యాకల్టీ క్లబ్బులో కనిపించని కుండ

కార్తీకమాసం వచ్చిందంటే మేడ్చల్, శామీర్‌పేట దారుల్లోని మామిడితోటలకు గిరాకీ పెరుగుతుంది. ఆదివారం పొద్దున రావల్కోల్ చుట్టుపక్కల తోటల గేట్లకు కట్టిన ఫ్లెక్సీలు చదువుకుంటూ పోతే ఏ చెట్టు కింద ఏ కులం భోంచేస్తున్నదో ఎవరినీ అడగనక్కరలేదు. నగరంలో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునేవారు ఏడాదికొకసారి కులం పేరిట కలుసుకుని, పెళ్ళిసంబంధాలు మాట్లాడుకుని, తమ కులపు నాయకుల ప్రసంగాలు విని, ఉసిరిచెట్టు నీడన విస్తళ్ళు వేసుకుని వెళ్ళిపోతారు. ఈ కుల వనభోజనాల మీద విమర్శలు చాలానే వచ్చాయి. వాటిలో ఒక్క నిజాయితీ మాత్రం ఉంది. తమ కులం పేరును అవి గేటు మీదనే రాసుకుంటాయి. నేను రాయబోయేది అలా పేరు రాసుకోని ఒక వనభోజనం గురించి. అది మా విశ్వవిద్యాలయ ఫ్యాకల్టీ క్లబ్బుది.

నేను రావల్కోల్‌లో ఇల్లు కట్టుకుని కొన్నేళ్ళయింది. ఆ కారణంగానే నిరుడు కార్తీకంలో క్లబ్బు కార్యదర్శి ఫోను చేసి, మీ ఊరి దగ్గర మంచి తోట చూడమన్నారు. చూశాను. వంటవాళ్ళను మాత్రం తామే తెచ్చుకుంటామన్నారు. ఆ రోజు నలభై మంది అధ్యాపకులు కుటుంబాలతో వచ్చారు. తోట కాపలాదారు, ఆయన భార్య చీకటితోనే లేచి నేల ఊడ్చారు, కట్టెలు కొట్టారు, బోరు నుంచి బిందెలతో నీళ్ళు మోశారు. ఆ నీళ్ళు చేతులు కడుక్కోవడానికి పనికొచ్చాయి. వంటకు, తాగడానికి క్యాన్లు నగరం నుంచే వచ్చాయి. అరిటాకులు వేసి మూడు పంక్తులు వడ్డించాక, మిగిలిన అన్నం, కూరలు ఒక ప్లాస్టిక్ కవరులో కట్టారు. ఆ కవరును కాపలాదారు చేతికి ఇచ్చింది నేనే.

ఆయన కవరు అందుకుని మెల్లగా అడిగాడు: "మీరు గూడ మావోళ్ళేనట గద సార్. మరి మిమ్ములను ఎట్ల కూసోబెట్టుకున్నరు?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆయన నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు. కులం మీద పరిశోధన చేసి డాక్టరేట్ పొందిన నాకు ఆ క్షణాన జవాబు తట్టలేదు. ఈ వ్యాసం ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఫ్యాకల్టీ క్లబ్బు అనగానే విద్యార్థులకు టీ, క్యారమ్స్, వార్తాపత్రికలు గుర్తుకు రావచ్చు. నిజానికి తరగతులు ముగిశాక విశ్వవిద్యాలయంలో మరో విశ్వవిద్యాలయం అక్కడే మొదలవుతుంది. ఎక్కడ పోస్టులు పడబోతున్నాయి, ఎంపిక కమిటీకి విషయ నిపుణులుగా ఎవరు రానున్నారు, ఎవరి సిద్ధాంత గ్రంథం ఎవరి పరిశీలనకు వెళ్తుంది, ఏ సదస్సుకు ఎవరిని పిలవాలి, ఏ ప్రాజెక్టులో ఎవరిని కలుపుకోవాలి అన్న మాటలు షటిల్ కోర్టు పక్కన, టీ బల్ల చుట్టూ నలుగుతాయి. మర్నాడు సమావేశ మందిరంలో జరిగేది చాలాసార్లు ఆ మాటలకు వేసే సంతకం మాత్రమే. నియమావళి ఉన్న గదిలో రిజర్వేషన్ ఉంది, మినిట్స్ పుస్తకం ఉంది, అప్పీలు ఉంది. టీ బల్ల దగ్గర అవేవీ లేవు.

క్లబ్బు అనే ఈ రూపం వలస పాలన నుంచి వచ్చింది. మా దారిలోనే ఉన్న సికింద్రాబాద్ క్లబ్బు 1878లో బ్రిటిష్ సైనికాధికారుల కోసం పుట్టింది. ఒక సభ్యుడు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, అప్పుడే కొత్తవారికి ప్రవేశం అన్నది అలాంటి క్లబ్బుల పద్ధతి. తెల్లదొరలు వెళ్ళిపోయాక మనం ఆ పద్ధతిని అలాగే ఉంచుకుని అందులో కులాన్ని పోశాం. మా క్లబ్బులో నా దరఖాస్తు పడినప్పుడు ఎవరూ నా కులం అడగలేదు. ఇంటిపేరు అడిగారు. ఆ ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉండటంతో ఊరు అడిగారు. ఊరు చెబితే, ఆ ఊళ్ళో ఫలానావారు మీకేమవుతారని అడిగారు. తెలుగునాట కులం అడగడానికి ఇన్ని మర్యాదైన దారులున్నాయి. మూడో ప్రశ్నకు సమాధానం దొరికాక ఎదుటివారి మొహంలో వచ్చే చిన్న మార్పును దళిత అధ్యాపకులెవరైనా గుర్తుపడతారు.

1918 నవంబరులో అంబేడ్కర్ బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. కొలంబియాలో చదివి వచ్చిన ఆ యువ ఆచార్యుడు అధ్యాపకుల గదిలోని కుండలో నీళ్ళు తాగడానికి వీల్లేదని కొందరు సహాధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. పాఠం చెప్పడాన్ని అడ్డుకోలేకపోయినవారు నీళ్ళ కుండను అడ్డుపెట్టుకున్నారు. సరిగ్గా అదే ఏడు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. 1953లో అదే ఉస్మానియా అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చి తన గౌరవాన్ని పెంచుకుంది. మధ్యలో ముప్పై అయిదేళ్ళు గడిచాయి, రాజ్యాంగం వచ్చింది. అయితే ఆ కుండ పగిలిందా, లేక కంటికి కనబడకుండా పోయిందా?

మా క్లబ్బులో కుండ లేదు, శుద్ధి చేసిన నీళ్ళ యంత్రం ఉంది. టీ పింగాణీ కప్పుల్లో వస్తుంది. క్లబ్బును ఊడ్చి, మరుగుదొడ్లు కడిగే కాంట్రాక్టు కార్మికురాలికి మాత్రం పేపరు కప్పులో ఇస్తారు. ఆమె దాన్ని మెట్ల మీద కూర్చుని తాగుతుంది. ఊళ్ళ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద పాఠం చెప్పిన నేను, ఆ పేపరు కప్పును చూడటానికి ఆరేళ్ళు పట్టింది. తోటలో కవరు అందుకున్నాయన అడిగిన తర్వాతే అది నా కళ్ళబడింది. అడిగితే, "పారిశుధ్యం కోసం సార్" అన్నారు. పారిశుధ్యం కోసమైతే అందరికీ పేపరు కప్పులే ఉండాలి కదా!

ఇక నన్ను ఎట్లా కూర్చోబెట్టుకున్నారన్న ప్రశ్న. నా వంతు ధర నేను చెల్లించాను గనుక కూర్చోబెట్టుకున్నారు. క్లబ్బులో తలా ఒక వంటకం తెచ్చుకుని తినే సాయంత్రం వస్తే మా అమ్మ బోటికూర వండుతానంటుంది. నేను స్వీటు షాపులో పులిహోర కొనుక్కుని వెళ్ళాను. ఒకసారి కాదు, ప్రతిసారీ. క్లబ్బు వంటగదిలో మాంసం వండరాదని కమిటీలో తీర్మానం వచ్చినప్పుడు ఆ కమిటీలో ఉన్న ఏకైక దళితుణ్ణి నేను. "అందరి సౌకర్యం కోసం" అని రాశారు. ఆ "అందరి"లో మా అమ్మ లేదని తెలిసీ సంతకం పెట్టాను. ఉగాదికి పంచాంగ శ్రవణం క్లబ్బు ఖర్చుతో జరుగుతుంది. ఏప్రిల్ 14న జయంతి జరిపే బాధ్యత మాత్రం ఎస్సీ ఎస్టీ సెల్‌ది. ఒకటి సంస్కృతి, రెండోది సామాజిక వర్గ కార్యక్రమం. ఈ విభజననూ నేను ప్రశ్నించలేదు. కిందటేడు కొత్తగా చేరిన ఒక దళిత మహిళా సహాయ ఆచార్యురాలు, "సార్, నాకు ఎవరు ప్రతిపాదిస్తారు?" అని అడిగితే, కొంచెం ఆగమన్నాను. ఆమె ఇప్పటికీ మధ్యాహ్నం తన గదిలో తలుపు వేసుకుని ఒంటరిగా భోంచేస్తున్నది. ఆ తలుపు వేసినవారిలో నేనూ ఉన్నాను.

విద్యార్థులు ఈ విషయంలో మాకంటే చాలా ముందున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 1993లోనే అంబేడ్కర్ విద్యార్థి సంఘం ఏర్పడింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపి, క్యాంపస్‌లో ఎవరి తిండి సంస్కృతి అవుతుంది, ఎవరి తిండి వివాదం అవుతుందన్న ప్రశ్నను బహిరంగంగా నిలబెట్టారు. హాస్టళ్ళలోకి, పరిపాలనా భవనంలోకి, గుంపుగా ఉమ్మడి స్థలాల్లోకి వెళ్ళరాదన్న ఆంక్షకు గురైన అయిదుగురు విద్యార్థులు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆరుబయట గుడారం వేసుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వారిలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు లేకుండా పోయాడు. ఉమ్మడి స్థలం నుంచి మనిషిని తొలగించడం అంటే ఏమిటో ఆ పేరే చెబుతుంది. విద్యార్థులు తమ వెలిని వెలి అన్నారు. అధ్యాపకులమైన మేము దాన్ని "నాకు క్లబ్బుల మీద ఆసక్తి లేదు" అని తర్జుమా చేసుకుంటున్నాం.

కాగితం మీద కనిపించే అన్యాయంతో మనకు పోరాడటం తెలుసు. 2018 మార్చి 5న యూజీసీ విశ్వవిద్యాలయాన్ని కాక విభాగాన్ని యూనిట్‌గా తీసుకోమని ఆదేశించినప్పుడు, పదమూడు పాయింట్ల రోస్టర్ ప్రకారం ఏడో పోస్టుగానీ ఎస్సీకి రాదని, పద్నాలుగో పోస్టుగానీ ఎస్టీకి రాదని లెక్క కట్టి దేశమంతా వీధికెక్కాం. ఆరుగురున్న విభాగంలో దళితుడికి చోటే ఉండదని చెప్పడానికి వేళ్ళు చాలాయి. 2019లో పార్లమెంటు చట్టం చేసి విశ్వవిద్యాలయాన్నే మళ్ళీ యూనిట్ చేసింది. కానీ రోస్టర్ గేటు దాకా తీసుకొస్తుంది. లోపల ఎవరి పక్కన కుర్చీ ఖాళీగా ఉంచుతారో రోస్టర్ చెప్పదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై ఆచార్య సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక తరగతి గది దగ్గర ఆగలేదు. భోజనశాల, ఆటస్థలం, సాంస్కృతిక ఉత్సవాల దాకా వెళ్ళి అక్కడి ఒంటరితనాన్ని నమోదు చేసింది. అయినా యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనల దృష్టి ప్రధానంగా విద్యార్థుల మీదనే నిలిచింది. అధ్యాపకుల మధ్య వివక్ష వ్యక్తిగత సంబంధాల ఖాతాలో ఉండిపోయింది.

క్లబ్బు ప్రైవేటు సంఘం, స్నేహం చట్టంతో రాదు అని మిత్రులు అంటారు. స్నేహం చట్టంతో రాదు, నిజమే. కానీ ఆ భవనం విశ్వవిద్యాలయ భూమిలో ఉంది, కరెంటు బిల్లు విశ్వవిద్యాలయం కడుతుంది. ప్రభుత్వ నిధులతో పూర్తిగా గానీ కొంతమేరకు గానీ నడిచే బావులు, చెరువులు, రోడ్లు, ప్రజలు కలుసుకునే చోట్ల కులం కారణంగా ఎవరికీ ఆటంకం ఉండరాదని రాజ్యాంగం 15(2) అధికరణంలో రాసుకున్నాం. బావికి వర్తించిన నీతి టీ బల్లకు ఎందుకు వర్తించదు?

సహపంక్తి భోజనాలతో కులం పోదని అంబేడ్కరే 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు కదా అని మరికొందరు గుర్తుచేయవచ్చు. ఆయన మాట సరైనదే. పక్కపక్కన తిన్నంత మాత్రాన కులం పోదు. అయితే పక్కన కూర్చోనివ్వని చోట ఉద్యోగం, పరిశోధన, గుర్తింపు పంచుతున్నప్పుడు, ఆ కుర్చీ కోసం అడగడం విందు కోసం అడగడం కాదు.

కాబట్టి కొన్ని మాటలు రాసి క్లబ్బు కమిటీకి ఇచ్చాను. ప్రతిపాదించే, బలపరిచే పద్ధతి రద్దు కావాలి. నియామక ఉత్తర్వు అందిన రోజే ప్రతి అధ్యాపకుడూ, అధ్యాపకురాలూ సభ్యులు కావాలి. వంటగది తీర్మానం వెనక్కి తీసుకోవాలి. ఫూలే, అంబేడ్కర్, సావిత్రీబాయి జయంతులు క్లబ్బు పేరిట, క్లబ్బు ఖర్చుతో జరగాలి. ఎంపికలు, పరీక్షకుల పేర్లు క్లబ్బు బల్ల మీద చర్చించరాదని అధ్యాపకుల ప్రవర్తనా నియమాల్లో చేరాలి. అందరికీ ఒకే కప్పు ఉండాలి. ఇవి పెద్ద విప్లవాలేమీ కావు. చివరిదానికైతే డజను కప్పులు చాలు.

లేఖ ఇచ్చి మూడు నెలలయింది. జవాబు రాలేదు. కొందరు మిత్రులు టీకి పిలవడం మానేశారు. ఆ సహాయ ఆచార్యురాలి దరఖాస్తు మీద ప్రతిపాదకుడిగా నేను సంతకం చేశాను. బలపరిచే రెండో సంతకం కోసం ఆమె ఇంకా ఎదురుచూస్తున్నది. మళ్ళీ కార్తీకం వస్తుంది, మళ్ళీ తోట చూడమంటారు. ఈసారి కాపలాదారు, ఆయన భార్య మొదటి పంక్తిలో కూర్చుంటారంటేనే తోట మాట్లాడతానని ముందే చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర ప్రస్తుతానికి లేదు.