రెండు రాష్ట్రాల నడుమ ఒక దరఖాస్తు

న్యూఢిల్లీ: ఆహార పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇవ్వడం లేదని ఇకమీదట ఎవరూ అనలేరు. చిన్న ఆహార తయారీదారుల కోసం 2020 జూన్‌లో ప్రకటించిన పథకం విలువ పది వేల కోట్ల రూపాయలు. పెద్ద కంపెనీలకు ఉత్పత్తితో ముడిపెట్టి ఇచ్చే ప్రోత్సాహకాల కోసం 2021లో కేటాయించినది మరో 10,900 కోట్లు. 1988లో రాజీవ్ గాంధీ ఈ రంగానికి ప్రత్యేక మంత్రిత్వ శాఖను ఏర్పాటు చేసినప్పుడు, ఊరగాయలకూ అప్పడాలకూ ఒక మంత్రి ఎందుకని నవ్వినవారు రాజధానిలో తక్కువమంది కారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

అయితే యంత్రాన్ని కొనడానికి సబ్సిడీ ఉన్నంత సులభంగా, ఆ యంత్రం వద్ద నిలబడవలసిన మనిషి చదువుకు సహాయం ఉన్నదా? ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద లైసెన్సు పొందిన తయారీ సంస్థ, ఉత్పత్తిని పర్యవేక్షించడానికి తగిన సైన్సు డిగ్రీ గాని, ఆహార సాంకేతిక శాస్త్రంలో డిగ్రీ లేదా డిప్లొమా గాని ఉన్న వ్యక్తిని ఒకరినైనా నియమించుకోవాలి. అంటే ఈ చదువుకు ఉద్యోగం ఉన్నది. చదువు చెప్పే సంస్థలూ ఉన్నవి. హర్యానాలోని కుండ్లీలో ఒకటి, తమిళనాడులోని తంజావూరులో ఒకటి, రెండింటికీ 2021లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థల హోదా లభించినది. మన బాపట్ల, పులివెందుల కళాశాలలు, 1950లో ప్రారంభమైన మైసూరు పరిశోధనాలయం, ఖరగ్‌పూర్ ఐఐటి సరేసరి. లేనిదల్లా పేద విద్యార్థి ఫీజు కట్టే మార్గం.

ఈ విషయాన్ని జంషెడ్‌పూర్ నుంచి చూస్తే చిక్కు మరింత స్పష్టమవుతుంది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట 1907 తరువాత వెలసిన ఆ ఉక్కు పట్టణానికి మన శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల కూలీలు బెంగాల్ నాగ్‌పూర్ రైలు మార్గం వెంట వెళ్లారు. నాలుగు తరాలు గడిచినవి. బిష్టుపూర్‌లో రామమందిరం, కదమాలో ఆంధ్ర సంఘం ఆ వలసకు గుర్తులు. తాతలు కొలిమి వద్ద పనిచేసిన ఇళ్లలో మనుమలకు ఆ కొలిమిలో చోటు లేదు. 1990ల తొలినాళ్లలో 70 వేలకు పైబడి ఉన్న ఉక్కు కర్మాగారపు సిబ్బంది ఆ తరువాతి దశాబ్దంన్నరలో దాదాపు సగానికి తగ్గినది. పర్మినెంటు ఉద్యోగి కొడుకు సంగతి అటుంచండి. అతనికి ఉపకారవేతనం రాకపోయినా చదువు ఆగదు. బస్తీలో కాపురముండే కాంట్రాక్టు కార్మికుని కూతురు అఖిల భారత ప్రవేశ పరీక్ష రాసి, కుండ్లీలోనో తంజావూరులోనో సీటు తెచ్చుకున్నదనుకోండి. ఆమె దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలి?

దళిత విద్యార్థులకు ఇంటర్ మొదలు పైచదువుల వరకు ఇచ్చే ఉపకారవేతనం ఈ దేశంలో అన్నిటికంటే పాతది. 1944లో, బ్రిటిష్ వారి కాలంలోనే మొదలైనది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దీనికి అయిదేళ్ల కాలానికి 59,048 కోట్లతో కొత్త రూపం ఇచ్చినది. అందులో అరవై శాతం కేంద్రం, నలభై శాతం రాష్ట్రం భరించాలి. రాష్ట్రం ముందుగా తన వాటాను విద్యార్థి ఖాతాలో వేస్తేనే కేంద్రం వాటా కదులుతుంది. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటరాదు. ఇదంతా బాగానే ఉన్నది. ఆ రాష్ట్రం ఏ రాష్ట్రమన్నదే ప్రశ్న.

జార్ఖండ్‌లో ఈ దరఖాస్తు ఇ-కళ్యాణ్ పోర్టల్ ద్వారా సాగుతుంది. కుల, ఆదాయ, నివాస పత్రాలు మూడూ అక్కడి అంచల్ కార్యాలయం, అంటే మన తహసీల్దారు కచేరీ వంటిది, ఇచ్చినవై ఉండాలి. ఆదాయ పత్రం సంపాదించవచ్చును. కులపత్రం వద్దనే తలుపు మూసుకుంటుంది. షెడ్యూల్డు కులాల జాబితాను రాష్ట్రపతి రాష్ట్రాల వారీగా ప్రకటిస్తారు. ఒక రాష్ట్రపు జాబితాలోని వ్యక్తి మరొక రాష్ట్రానికి వలసపోతే ఆ హోదా వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యం వేసినవాడు మనవాడే: తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బాల్యంలోనే బొంబాయి చేరి, అక్కడ వైద్య కళాశాలలో గిరిజన కోటా కింద సీటు కోరిన విద్యార్థి. 2018లో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే సూత్రాన్ని పునరుద్ఘాటించినది. 2021లో, బీహారు విభజన వల్ల రెండు రాష్ట్రాల నడుమ చిక్కుకున్న ఉద్యోగుల విషయంలో మాత్రం, ఏదో ఒక రాష్ట్రంలో హక్కు కోరవచ్చునని సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చినది. శ్రీకాకుళం నుంచి వచ్చినవారికి ఆ వెసులుబాటు వర్తించదు.

తండ్రికి స్వరాష్ట్రంలో ఇచ్చిన పత్రం ఆధారంగా వలస వచ్చిన చోట కూడా పిల్లలకు కులపత్రం ఇవ్వవచ్చునని, అయితే ప్రయోజనాలు మాత్రం మూల రాష్ట్రం నుంచే పొందాలని కేంద్ర హోం శాఖ 1985లో సూచించినది. సరే, మూల రాష్ట్రానికే వెళదాం. అక్కడ నివాసమేదని, అక్కడి కుటుంబ పత్రాలేవని అడుగుతారు. కళాశాల ప్రవేశాల విషయంలో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతకు వరుసగా నాలుగేళ్ల చదువో నివాసమో కొలబద్దగా పెట్టినది. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్లకు అవి ఎక్కడివి? జార్ఖండ్‌కు ఆమె ఆంధ్రుల పిల్ల, ఆంధ్రకు జార్ఖండ్ పిల్ల.

ఇందులో జార్ఖండ్ ఆదివాసుల భయాన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. ఆ కర్మాగారాలు లేచిన నేల వారిది. ఉద్యోగాలు ఎక్కువగా దక్కినది బయటివారికి. 1932 భూరికార్డులను స్థానికతకు ఆధారం చేస్తూ 2022 నవంబరులో అక్కడి శాసనసభ బిల్లు ఆమోదించడం, గవర్నరు తిప్పి పంపగా 2023 డిసెంబరులో మళ్లీ ఆమోదించడం ఆ భయం నుంచి పుట్టినవే. కాని కంపెనీ క్వార్టర్లలో బతికిన కూలీ పేరిట భూరికార్డు ఎన్నడూ ఉండదు. ముత్తాత 1932కు ముందే వచ్చి ఉన్నా చూపడానికి కాగితం లేదు. స్థానిక ఉద్యోగాల మీద ఆదివాసుల హక్కు వేరు, హర్యానాలో చదువుకోబోయే పిల్లకు ఫీజు సహాయం వేరు. రెండవది ఇచ్చినంత మాత్రాన మొదటిది తరగదు.

కులంతో నిమిత్తం లేని సహాయం కూడా కొంత ఉన్నది. బోర్డు పరీక్షలో తొలి ఇరవై శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలకు మించని వారికి కేంద్రం ఏటా 82 వేల కొత్త ఉపకారవేతనాలు ఇస్తుంది, సగం బాలికలకు. మొత్తం ఎంత? మొదటి మూడేళ్లు సంవత్సరానికి 12 వేలు, నాలుగవ ఏడు 20 వేలు. వసతిగృహం భోజనానికైనా చాలునా అన్నది అనుమానమే. 2024 నవంబరులో ఆమోదించిన విద్యాలక్ష్మి పథకం హామీ లేని అప్పు ఇస్తుంది. అప్పు అప్పే. చెప్పవలసి వస్తే, జంషెడ్‌జీ టాటా 1892లో నెలకొల్పిన విద్యానిధి ఇచ్చినది కూడా అప్పే, అదీ విదేశీ చదువులకు. తిరువాన్కూరు సంస్థానపు దళిత విద్యార్థి కె.ఆర్. నారాయణన్‌ను లండన్ పంపినది ఆ నిధి. నీ కులం మా రాష్ట్రపు జాబితాలో ఉన్నదా అని అది అడగలేదు.

మార్గం లేకపోలేదు. ఎంపిక చేసిన ఉన్నత సంస్థలలో చేరిన దళిత విద్యార్థుల పూర్తి ఫీజును కేంద్రమే, రాష్ట్రాల ప్రమేయం లేకుండా చెల్లించే పథకం 2007 నుంచి నడుస్తున్నది; ఆదాయ పరిమితి కూడా ఎనిమిది లక్షలు. అఖిల భారత పరీక్ష ద్వారా కేంద్ర సంస్థలో సీటు పొందిన ప్రతి పేద విద్యార్థికీ ఈ పద్ధతినే వర్తింపజేయాలి. తండ్రి స్వరాష్ట్రపు పత్రం చాలును, ప్రస్తుత నివాసంతో పని లేదని ఒక్క ఉత్తర్వు జారీ చేయాలి. వలస వచ్చిన వారి హక్కులను దృష్టిలో ఉంచుకొని తగిన చట్టం చేసే విషయం పార్లమెంటు ఆలోచించాలని 1990 తీర్పులోనే న్యాయమూర్తులు అన్నారు. మూడు దశాబ్దాలు దాటినా పార్లమెంటు ఆ పని చేయలేదు.

ప్రశ్న లేవనెత్తవలసినవారు ఎవరు? జంషెడ్‌పూర్ సభ్యునికి ఇది ఓట్ల లెక్కలో చిన్న విషయం. మన సభ్యులకు వారు ఓటర్లే కారు. అయినా 2024 ఎన్నికల అనంతరం కేంద్రంలో తెలుగుదేశం సభ్యులు పదహారుగురి మద్దతుకు ఎంత విలువ వచ్చినదో పాఠకులకు తెలియనిది కాదు. ఆ జూన్‌లోనే శ్రీకాకుళం సభ్యుడు కేంద్ర మంత్రి అయినారు. రాష్ట్రానికి నిధులు అడిగే నోటితోనే, రాష్ట్రం వదలివెళ్లిన వారి పిల్లల కోసం ఒక ఉత్తర్వు అడగడానికి అభ్యంతరం ఏమి ఉండగలదు?

అది వచ్చేదాకా జంషెడ్‌పూర్‌లోని తల్లిదండ్రులు చేయగలిగినది కొంత ఉన్నది. జాతీయ ఉపకారవేతనాల పోర్టల్ గడువు సాధారణంగా అక్టోబరు, నవంబరు మాసాలలో ముగుస్తుంది. సీటు వచ్చిన తరువాత పత్రాల కోసం తిరగడం మొదలుపెడితే ఆ ఏడు పోయినట్లే. చేరబోయే సంస్థ పూర్తి ఫీజు పథకం జాబితాలో ఉన్నదో లేదో ముందే విచారించుకోవాలి. వేసవిలో గ్రామదేవత పండుగకు ఊరికి వెళ్లేవారు తండ్రి పేరిట కులపత్రాన్ని అక్కడి తహసీల్దారు వద్ద తీసుకొని, దాని నకలుతో జంషెడ్‌పూర్ అంచల్ కార్యాలయంలో 1985 నాటి సూచన ప్రకారం పిల్లల పత్రం కోరాలి. కాదంటే, కాదన్న మాటను కాగితం మీద రాసిమ్మని అడగాలి.