కంప్యూటరు జాలవిద్యకు లక్షణ నిర్ణయము – ప్రాచ్యకళాశాలల కర్తవ్యము

శాస్త్రబోధనమున నామము వేరు, లక్షణము వేరు. నామము వస్తువును పిలుచుటకు. లక్షణము దానిని తక్కిన వస్తువులనుండి వేరుపరచి గుర్తించుటకు. ఈ భేదమును మరచినచో విద్య ఎట్లుండునో హైదరాబాదు తూర్పుభాగమున, దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్‌బీ నగర్ వరకు గల శిక్షణాలయముల పరిసరములలో చూడవచ్చును. జిల్లాలనుండి వచ్చి, వసతిగృహములలో ఉండి చదువుకొను తెలుగు మాధ్యమ విద్యార్థులు పలువురు రూటింగ్, స్విచింగ్, వీల్యాన్ అను మాటలను, వాని ఆజ్ఞలను వల్లెవేయుచున్నారు. కంఠస్థము చేయుట దోషము కాదు. పాఠశాలా సంప్రదాయమున మూలము కంఠస్థమైన పిమ్మట వ్యాఖ్యానము వచ్చును. ఇచ్చట మూలము చేతికందినది, వ్యాఖ్యానము అందలేదు. ఆ వ్యాఖ్యానమును తెలుగున సమకూర్చుటలో ప్రాచ్యకళాశాలలకు పాత్ర కలదనుట ఈ వ్యాసాశయము.

విషయ స్వరూపమును ముందుగా పరిశీలింతము. దిల్‌సుఖ్‌నగర్ వైపునుండి వచ్చు వాహనము ఎల్‌బీ నగర్ కూడలిలో నేరుగా సాగినచో హయత్‌నగర్ మీదుగా విజయవాడ మార్గము. ఎడమకు తిరిగినచో నాగోలు, ఉప్పల్. కుడికి తిరిగినచో బైరామల్‌గూడ, సాగర్ రోడ్డు. గమ్యమును బట్టి తరువాతి దారిని చూపుటయే కూడలి పని; ప్రయాణమంతయు దానికి తెలియనక్కరలేదు. రూటరు చేయు పనియు ఇదియే. సమాచారము ప్యాకెట్లుగా విభక్తమై పోవును. ప్రతి ప్యాకెట్టుపై గమ్యస్థానపు చిరునామా ఉండును. 1981లో ప్రకటితమైన ఐపీ నిబంధన ప్రకారము ఆ చిరునామా 32 బిట్ల సంఖ్య. రూటరు తన పట్టికలో ఆ సంఖ్యను పోల్చి, తరువాతి మజిలీని నిర్ణయించును.

ఒకే చిరునామాకు పట్టికలో రెండు విధులు సరిపోయినచో ఏది ప్రబలము? 10తో మొదలగు చిరునామాలన్నియు తూర్పుద్వారమున పోవలెనని ఒక విధి, 10.20తో మొదలగునవి ఉత్తరద్వారమున పోవలెనని మరియొక విధి. 10.20.5.1 అను చిరునామాకు రెండును వర్తించును. కాని రూటరు దానిని ఉత్తరమునకే పంపును. ఎక్కువ అంకెలవరకు సరిపోలినదియే గ్రాహ్యము. వైయాకరణులకు ఇది క్రొత్త కాదు. అపత్యార్థమున అణ్ ప్రత్యయము సామాన్యము. కావుననే ఉపగుని సంతానము ఔపగవుడు. అకారాంతమునకు ఇఞ్ ప్రత్యయము విశేషము. కావుననే దక్షుని సంతానము దాక్షి. ఉత్సర్గమును అపవాదము బాధించును. ఏ విధియు సరిపోనపుడు పనికివచ్చు డిఫాల్ట్ రూట్ అన్నిటికంటె వ్యాపకమైన ఉత్సర్గము. ఈ మాట తెలుగున ఒక్కసారి చెప్పినచో విద్యార్థి మరల మరువడు.

ఈ న్యాయము తెలియకున్నచో కలుగు హానిని లోకము 2008 ఫిబ్రవరి 24న చూచినది. యూట్యూబ్ సంస్థ తన 1024 చిరునామాలకు ఒకే మార్గమును ప్రకటించియుండగా, తమ దేశమున దానిని నిరోధింపదలచిన పాకిస్తాన్ టెలికాం, వానిలోని 256 చిరునామాలకు విశేషమార్గమును కల్పించినది. అది దేశపు హద్దులు దాటి బయటకు పొక్కినది. ప్రపంచమందలి రూటర్లు అపవాదమే బలవత్తరమను తమ నియమమును పాటించినవి. సుమారు రెండుగంటలపాటు లోకమున పెక్కుచోట్ల యూట్యూబ్ అందలేదు. యంత్రములు తప్పలేదు, నియమము తప్పలేదు. విశేషవిధిని చేయుటకు ఆ వక్తకు అధికారమున్నదా అను ప్రామాణ్యవిచారము మాత్రము జరుగలేదు. మార్గప్రకటనల అధికారమును సంతకపూర్వకముగా పరీక్షించు పద్ధతులు నేడు వ్యాప్తిలోనికి వచ్చుచున్నవి.

ఇక వర్చువలైజేషన్. ఒకే స్విచ్చు, ఒకే తీగ. కాని ప్యాకెట్టుపై వేసిన గుర్తును బట్టి ఒకదానినొకటి ఎరుగని పలు జాలములుగా వ్యవహరించును. వీల్యాన్ గుర్తు 12 బిట్లది గనుక 4094 జాలములకు అవకాశము. అది చాలక 2014లో ప్రకటితమైన వీఎక్స్‌ల్యాన్ 24 బిట్లతో ఆ సంఖ్యను 1 కోటి 67 లక్షలకు పైగా పెంచినది. ఒకే ఆకాశము ఉపాధిభేదముచే ఘటాకాశ మఠాకాశములుగా వ్యవహరింపబడు తీరు ఇచ్చట చక్కని దృష్టాంతము. అయితే దృష్టాంతమును వ్యవహారభేదము వరకే గ్రహింపవలెను. వేదాంతమును యంత్రమునకు అంటగట్టరాదు.

లక్షణ నిర్ణయపు ప్రయోజనము ఇచ్చటనే తేటపడును. "రూటరనగా జాలములను కలుపు పెట్టె" అను లక్షణమును గైకొందము. నేడు పెట్టె లేకయే, సర్వరులోని ప్రోగ్రాముగా మాత్రమే ఉన్న రూటర్లు కలవు, కావున అవ్యాప్తి. "చిరునామాను చూచి ప్యాకెట్టును పంపునది" అందమన్న, ఒకే జాలములో పనిచేయు స్విచ్చుకును అది వర్తించును, కావున అతివ్యాప్తి. "భిన్నజాలముల మధ్య, గమ్యస్థానపు చిరునామాను బట్టి, ప్యాకెట్టునకు తరువాతి మజిలీని నిర్ణయించునది" అనినచో రెండు దోషములును తొలగును. విద్యార్థికి కావలసినది ఇది.

దీనికి బదులు రెండు పెడత్రోవలు కలవు. మొదటిది, ప్రతి మాటకును సంస్కృత సమాసమును కల్పించి తృప్తిపడుట. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పదకోశములు చేసిన మేలు కాదనరానిది. కాని రూటరును "మార్గదర్శిని" యనినంతమాత్రమున యాత్రికుని కరదీపికయే స్ఫురించును, యంత్రము బోధపడదు. జనుల నోట నిలిచిన రూటరు, స్విచ్చు, ప్యాకెట్టు తెలుగు మాటలుగానే ఉండవచ్చును. రెండవది, ఇవన్నియు పూర్వులకు తెలిసినవేయని చాటుట. 1985లో రిక్ బ్రిగ్స్ శాస్త్రసంస్కృతపు వాక్యవిశ్లేషణమును కృత్రిమమేధకు సంబంధించిన పద్ధతులతో పోల్చి ఒక వ్యాసము వ్రాసెను. అది క్రమముగా "కంప్యూటరునకు సంస్కృతమే ఉత్తమ భాషయని నాసా తేల్చినది" అను ప్రచారముగా మారినది. పాణినికి రూటరు తెలియదు. తెలియకపోవుట ఆయనకు కొఱత కాదు. విధుల బలాబలములను విచారించు పద్ధతిని ఆయన సంప్రదాయము మనకిచ్చినది, అది చాలును.

కావున ప్రాచ్యకళాశాలలు చేయదగిన పని పరిమితము, సాధ్యము. జాలవిద్యను బోధించు ఒకరిద్దరు ఉపాధ్యాయులను కూర్చుకొని, నూరు పదములకు తెలుగున లక్షణములను వ్రాసి, అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవములచే పరీక్షించి, ఉదాహరణ ప్రత్యుదాహరణములతో ప్రకటింపవలెను. యంత్రవిషయమున ఆ ఉపాధ్యాయుల మాటయే ప్రమాణము. వాక్యశుద్ధి విషయమున పండితుల మాట. తర్కసంగ్రహము చదివిన విద్యార్థికి ఇట్టి పని దొరకినచో ఆ చదువు ఎందుకను ప్రశ్నకు సమాధానము దొరకును. ఎల్‌బీ నగర్‌కు ఆ పేరు లాల్ బహదూర్ శాస్త్రి వలన వచ్చినది. ఆయన పేరిలోని "శాస్త్రి" కాశీ విద్యాపీఠ మొసగిన పట్టము. ఆ నగరమున ఆజ్ఞలను వల్లెవేయు విద్యార్థికి అర్థమును అందించుట శాస్త్రిపట్టము పొందినవారికి తగిన పనియే.